చీరల గడి

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం విజయనగరంలో మా ఇంటికి రేడియో క్లబ్బు వాళ్ళు నలుగురు వచ్చారు. లైసెన్సు తీసుకుని, సరదా కోసం ఇంట్లోంచే రేడియోలో మాట్లాడుకునేవాళ్ళని హామ్‌లంటారు. నేనూ ఒకప్పుడు ఆ జాతివాడినే. వచ్చిన నలుగురి నడుములకీ నాలుగు చైనా సెట్లు, నలుగురి చొక్కాల మీదా కుట్టించుకున్న కాల్‌సైన్లు, అంటే లైసెన్సుతోపాటు ఇచ్చే పిలుపు పేర్లు. మెట్లెక్కుతూనే ఒకడు, కింద బండి నిలుపుతున్న ఇంకొకడితో సెట్టులో మాట్లాడాడు. ఇద్దరి మధ్యా ఇరవై అడుగులు లేవు. "నా సిగ్నల్ ఎలా ఉంది?" "బాగుంది. నాది?" "బాగుంది." వీళ్ళ సంభాషణంతా ఇంతే. పరీక్ష రాసి, సెట్టు కొని, గాలిలోకెక్కి, తన మాట ఎదుటివాడికి వినబడుతోందని తెలుసుకుని, ఆ సంతోషంతో దిగిపోతారు. చెప్పడానికి మాటంటూ ఉందా అని ఎవడూ అడగడు. సెట్టు మూత విప్పి లోపలేముందో చూసినవాడు ఆ నలుగురిలో ఒక్కడూ లేడు. విప్పితే వారంటీ పోతుందట.

వాళ్ళ కార్యదర్శి పేరు కిరణ్. కుర్రాడు చురుకైనవాడే, కాకపోతే నోరు తెరిస్తే సినిమా ఫంక్షన్‌లో మైకు పట్టుకున్నట్టు మాట్లాడతాడు. "సార్, మీరు మాకు లెజెండ్ సార్. తుఫానప్పుడు మీరు ఒక మనిషి ప్రాణం కాపాడిన సంగతి మా జూనియర్లందరికీ చెప్తుంటాను సార్" అన్నాడు. క్లబ్బు కొత్త గదిలో పాత సామాన్లతో చిన్న ప్రదర్శన పెడుతున్నారట. మా మావయ్య సెట్టు ఇమ్మన్నాడు. గోడ మీద అద్దం కట్టించి పెట్టుకున్న నా ప్రశంసాపత్రానికి నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. నేను తల ఊపాను. ఆ కథకి నలభై ఏళ్ళుగా తల ఊపుతూనే ఉన్నాను, ఇంకోసారి ఊపడానికి కష్టమేముంది? వచ్చే ఆదివారం రమ్మని, కాఫీ తాగించి పంపేశాను.

సాయంత్రం అటక మీంచి ట్రంకుపెట్టె దింపించాను. అడుగున వాల్వుల సెట్టు, దాని మీద పాత పంచె గుడ్డలో చుట్టి లాగ్‌పుస్తకాలు. ఎప్పుడు, ఎవరితో, ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడామో రాసుకోవడం హామ్‌లకి నియమం. గుడ్డ విప్పగానే సోల్డరింగ్ పేస్టు వాసన, దానితోపాటు మా అత్త బట్టలకి పెట్టే గంజి వాసన వచ్చినట్టనిపించింది. గంజి వాసన నలభై ఏళ్ళు నిలవదని నాకు తెలుసు. అయినా వచ్చింది.

బీఎస్సీ ఫిజిక్స్ ఫస్టు క్లాసులో పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ రెండేళ్ళు గజపతినగరంలో మావయ్య ఇంట్లో ఉన్నాను. రామ్మూర్తి మావయ్య హైస్కూల్లో సైన్సు మాస్టారు. పిల్లలు లేరు. రోజూ తెల్లారి చోడి అంబలి తాగుతూ చెంచాతో గిన్నె అంచు మీద మోర్స్, అంటే టెలిగ్రాఫు సంకేతాలు, కొట్టేవాడు. "తిండికాడా ఆ తట్టుడేటి, గిన్నికి సొట్టలు పడిపోతన్నాయి" అని సింహాచలం అత్త వంటింట్లోంచి కేకేసేది. ఆయన తట్టుడు ఆపేవాడు కాదు, ఆవిడ కేక ఆపేది కాదు. ఆ ఇంట్లో రోజు అలా మొదలయ్యేది. నేను ఆయన దగ్గరే మోర్స్ నేర్చుకుని, ఆయన దగ్గరే పరీక్షకి చదివి లైసెన్సు తెచ్చుకున్నాను. తెచ్చుకున్న మర్నాటినుంచి ఆయన్ని చులకనగా చూడడం మొదలుపెట్టాను.

అలా చూడడానికి కారణాలు బోలెడు కనిపించేవి. ఆయన సెట్టు ట్రంకుపెట్టె నిండేంత ఉండేది, గాజు వాల్వులు వేడెక్కేలోపు మనం పళ్ళు తోముకుని రావచ్చు. కొలతకి ఒక్క మీటరు లేదు. టార్చిలైటు బల్బొకటి యాంటెన్నాకి పోయే దారిలో పెట్టుకుని, అది నిండుగా వెలిగేదాకా నాబ్ తిప్పి, "సాల్లే" అనేవాడు. ఫిజిక్స్ చదివినవాడిని, నాకు ఒళ్ళు మండిపోయేది. అన్నిటికంటే మంట ఆ యాంటెన్నా. మేడ మీది ఇనప గొట్టం నుంచి పెరటి తాటిచెట్టు దాకా లాగిన, ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగ అది. మేడ వైపు కొస మనిషికి అందేంత కిందకి ఉండేది. ఆ కొస మీద మా అత్త బట్టలారేసేది.

మేడంతా మిరపకాయలో, పెసలో, చింతపండో ఎండుతూ ఉండేవి. ఎండ తగిలి, కాలు పెట్టే చోటున్నది ఆ తీగ కిందే. ఆవిడ నూతి దగ్గర చీరలు ఉతికి, గంజి పెట్టి, పిండి, భుజాన వేసుకుని మెట్లెక్కి, తీగ మీదికి ఒక్క విసురు విసిరేది. మొదట్లో ఒకసారి ఆయన మోర్స్ కొడుతుండగా తడి చీర సర్దబోతే చేతికి చురుక్కుమందట. అప్పటినుంచీ వాళ్ళిద్దరి మధ్యా ఒక ఏర్పాటు. ఆయన కింద సెట్టు ముందు కూర్చుని "ఒసే, మాటాడతన్నాను" అని అరవాలి. ఆవిడ మేడ మీంచి "ఉండు, ఇంకో సీరున్నాది" అనాలి. ఆ చీర పడి, ఆవిడ "ఇంక కానీ" అన్నాక ఆయన మోర్స్ కీ మీద చెయ్యి వేసేవాడు. దేశదేశాలతో మాట్లాడే మనిషి పెళ్ళాం బట్టలారేసుకునేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం చూసి నాకు అసహ్యం వేసేది.

లాగ్‌పుస్తకం చూస్తే మరీ నవ్వొచ్చేది. తేదీ, వేళ, ఎదుటివాడి కాల్‌సైన్, ఇవన్నీ అచ్చు గళ్ళు. అన్నిటికీ చివర ఆయన స్కేలు పెట్టి ఇంకో గడి గీసుకున్నాడు. అందులో "చీ 2, పం 1" అని ఉండేది. రోజూ ఉండేది. అంటే రెండు చీరలు, ఒక పంచె. ఒకసారి ఆయన ముందే పగలబడి నవ్వాను. "మావయ్యా, ఇది ప్రభుత్వం తనిఖీ చేసే పుస్తకం, చాకలిపద్దు కాదు" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. "నవ్వుకోరా సూరీ. ఆ గడి ఎందుకో నీకు తెలిసిన్నాడు నానుంటే సెప్పు" అని, అంబలి గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు. ఎందుకని నేను అడగలేదు. వాల్వులవాడిని అడిగి తెలుసుకోవలసింది ఏముంటుందని నా ధీమా.

ఆ ధీమాతోనే సొంతంగా ట్రాన్సిస్టర్ల సెట్టు కట్టాను. అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత పెట్టె, లారీ బ్యాటరీ మీద నడిచేది. పొద్దున్నే ఏడింటికి విజయనగరంలో ఉండే ఒక పెద్దాయనతో మాట్లాడేవాళ్ళం. టెలిగ్రాఫు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, నేను తాతగారనేవాడిని. నా సెట్టు మొదటిరోజే ఆయనకి గంటలా వినిపించింది. నాలుగు నెలలు అలాగే వినిపించింది. తీగ మీద రెండు చీరలూ పంచే ఉన్నా వినిపిస్తోందని గర్వపడ్డాను. ఉండబట్టే వినిపిస్తోందన్న ఊహ నా ఫస్టు క్లాసు బుర్రకి తట్టలేదు.

ఆ ఏడు తుఫాను వచ్చేముందు మావయ్య శ్రీముఖలింగం వెళ్ళాడు, ఆయన చెల్లెలింట్లో ఏదో కార్యం ఉంటే. వంశధార పొంగి అక్కడే చిక్కుపడిపోయాడు. ఇక్కడ మూడు రోజులు వాన, గాలి. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, విజయనగరం రోడ్డు తెగిపోయింది. నాలుగో రోజు పొద్దున్న ఏమీ ఎరగనట్టు తెల్లగా ఎండ కాసింది. యాంటెన్నా తాడు తాటిచెట్టు మీంచి తెగిపడి ఉంది. మాకు పాలు పోసే అప్పలనాయుడు, ఆ తాడు మొదట కట్టినవాడూ అతనే, నేను అడక్కముందే చెట్టెక్కాడు. "బాబూ, ఇయ్యాల మీ పెట్టితోటి మాటాడండి, మా మాస్టారెలాగున్నారో కనుక్కోండి" అంటూ తాడు కట్టి దిగాడు. దిగి, నూతి మీద పడ్డ తాటిమట్టలు తీస్తుండగా కుడి చేతి మీద రక్తపింజరి కరిచింది.

అత్త తన చీర కొంగు చింపి కట్టింది. ఇద్దరు మనుషులు అతన్ని మంచం మీద ఆస్పత్రికి మోసుకుపోయారు. పావుగంటలో కాంపౌండరు పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ఆ పొద్దున్నే అప్పటికి ముగ్గురు పాముకాటువాళ్ళొచ్చారు, విషానికి విరుగుడు మందు అయిపోయింది, విజయనగరం నుంచి తెప్పించాలి, ఎలా చెప్పాలో తెలీదు, డాక్టరుగారు మీ రేడియో సంగతి తెలిసి పంపారు అన్నాడు. ఏ మందు ఎన్ని సీసాలో రాసిన కాగితం నా చేతిలో పెట్టాడు. నా గుండె ఎగిరింది. భయంతో మాత్రమే అంటే అబద్ధమవుతుంది. నా సెట్టుకి పరీక్ష వచ్చింది, మావయ్య ఊళ్ళో లేడు, కరెంటు లేక ఆయన వాల్వులు చచ్చి ఉన్నాయి, నేను నిలబడతాను అనుకున్నాను. అక్కడ మనిషి చెయ్యి వాచిపోతుంటే ఇక్కడ నేననుకున్నది అది.

కీ నొక్కాను. టార్చి బల్బు మిణుకుమంది, అంతే. ఇంకా గట్టిగా తోసి చూద్దామని పవరు పెంచి మళ్ళీ నొక్కాను. కాలిన వాసన వచ్చింది. చివరి ట్రాన్సిస్టర్ పోయింది. అలాంటివి నా దగ్గర ఇంకా రెండున్నాయి. కరెంటు లేదు కాబట్టి సోల్డరింగు కడ్డీని సెట్టు పక్కనే కుంపట్లో బొగ్గుల మీద కాల్చి, పాతది ఊడదీసి కొత్తది అతికించాను. అతికిన ప్రతి చోటూ మళ్ళీ అతికాను. బ్యాటరీ తీగలు గీకాను. తప్పు సెట్టులోనే ఉందని నా నమ్మకం. బొగ్గులు విసురుతూ అత్త అప్పుడే మొదటిసారి అంది. "సూరీ, ఇయ్యాల తీగ మీద సీరలు నేవు కదరా. మీ మావ సీరలెయ్యందే మాటాడీవోడు కాదు."

"అత్తా, ఇది చీరల సంగతి కాదు" అన్నాను.

"ఏటోరా, నాను సదువుకున్నదాన్ని కాను. మీ మావయ్యైతే ఒక పంచి తగ్గినా నన్ను పిలిసీవోడు."

"నీకు తెలియదు, నువ్వు లోపలికి వెళ్ళు" అన్నాను. ఎలా అన్నానో నాకింకా గుర్తు. వెధవలతో వాదించే ఓపిక లేనివాడిలాగా తల ఎత్తకుండా అన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది. రెండో ట్రాన్సిస్టర్ కూడా కాలింది. అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చేసింది. కాంపౌండరు మళ్ళీ వచ్చి, చెయ్యి మోచేతి దాకా నల్లబడిందని చెప్పి గుమ్మంలో కూర్చున్నాడు.

మూడోది అతికిస్తుంటే మేడ మీద తపతపమని నీళ్ళు కారిన చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, అత్త పెట్టెలోంచి ఉతికిన చీరలే తీసి, నూతిలో ముంచి తెచ్చి తీగ మీద వేస్తోంది. రెండు పడ్డాయి, మూడోది భుజాన ఉంది. "మీ మావ పంచి నేదు కదా. అందుకని ఇంకో సీర ఎయ్యాల" అంది, నా వైపు చూడకుండా. నేను చెయ్యెత్తి ఆపబోయాను. అప్పుడు చూశాను, ఆవిడ కళ్ళలో నీళ్ళు. అప్పలనాయుడి కోసమో, నేనన్న మాటకో అడగలేదు. "ఎల్లు. బేగెల్లి నొక్కు. నాను దిగి దూరంగా ఉంతాను. ఇంక కానీ" అంది.

కీ నొక్కాను. బల్బు నిండుగా వెలిగింది. పిలిచీ పిలవగానే తాతగారు జవాబిచ్చాడు. పొద్దుటినుంచి సెట్టు ముందు కదలకుండా కూర్చున్నాడట. మందు పేరు, సీసాల లెక్క, ఊరి పేరు మూడుసార్లు కొట్టాను. అక్కడ పెద్దాస్పత్రికి ఆయనే నడిచి వెళ్ళి చెప్పాడు. రాయగడ లైను మీద రైళ్ళు తిరగడం లేదు కానీ పట్టాలున్నాయి. రైల్వేవాళ్ళు పట్టాల మీద తోసుకొచ్చే ట్రాలీలో మంచుపెట్టె పెట్టుకుని పొద్దుగూకేలోపల మందు తెచ్చారు. అప్పలనాయుడు బతికాడు. ఇంకో మూడు గంటల ముందు వస్తే చెయ్యి దక్కేదని డాక్టరు అన్నాడు. తరవాత విశాఖపట్నంలో ఆ చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు.

జరిగిందేమిటో ఆ రాత్రే నాకు అర్థమైంది. మేడ మీద ఇంకో చోటు లేదని అత్త పట్టుబడితే, గెలవలేని గొడవ వదిలేసి మావయ్య తీగనే చీరలకి సరిపోయేలా కత్తిరించాడు. కొస మీద తడిబట్ట పడితే తీగ ఉన్నదానికంటే పొడుగైనట్టు పనిచేస్తుంది. అందుకని అడుగున్నర తగ్గించి కోశాడు. రెండు చీరలూ ఒక పంచే ఉంటే సరిగ్గా మన ఫ్రీక్వెన్సీకి వస్తుంది. లేకపోతే పంపిన పవరు తీగ తీసుకోదు, వెనక్కి తిరిగి సెట్టు మీదే పడుతుంది. ఆయన వాల్వులు ఆ దెబ్బకి ఓర్చుకునేవి, నా ట్రాన్సిస్టర్లు ఓర్చుకోలేదు. ఆ చివరి గడి ఆయన ట్యూనింగు లెక్క. మామూలు అడుగుల టేపు పట్టుకుని కొలిచినా తెలిసేది నాకు. కొలవలేదు.

ఇద్దరం రాసే ఆ లాగ్‌పుస్తకంలో ఆ రోజు నేను చక్కని దస్తూరీతో రాశాను, ట్రాన్సిస్టర్ల లోపం వల్ల ఆలస్యమైందని. నెల తిరక్కుండా ఊళ్ళో సభ పెట్టి నాకు శాలువా కప్పారు, ప్రశంసాపత్రం చదివారు. యువకుడి సమయస్ఫూర్తి అని ఉంది అందులో. అప్పలనాయుడు మొదటి వరసలో కూర్చున్నాడు. చప్పట్లు కొట్టడానికి రెండో చెయ్యి లేక తొడ మీద కొట్టాడు. సభయ్యాక నా దగ్గరికి వచ్చి, "నా పానం బాబే నిలబెట్టినాడు" అని అందరికీ చెప్పాడు. చచ్చిపోయేదాకా అదే చెప్పాడు. అత్త వెనక ఆడవాళ్ళలో నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాను. అందరిలోకీ నీచమైన పని చేసినవాడు మర్యాదగా శాలువా మడత పెట్టుకుని బస్సెక్కాడు.

ఇప్పుడు ట్రంకుపెట్టె ముందు కూర్చుని ఆ పుట తీశాను. రాసిన రోజు తరవాత దాన్ని మళ్ళీ చూడలేదు. మావయ్య శ్రీముఖలింగం నుంచి వచ్చాక తీసి చూశాడని నాకు తెలియదు. నేను రాసిన అబద్ధాన్ని ఆయన కొట్టెయ్యలేదు. నేను ఖాళీగా వదిలేసిన చివరి గడిని మాత్రం నింపాడు. మొదటి పిలుపు ఎదుట, "చీ 0". రెండో పిలుపు ఎదుట, "చీ 0". మూడోదాని ఎదుట, "చీ 3". ఎర్ర ఇంకు, పిల్లల పేపర్లు దిద్దే ఇంకు. ఆ తరవాత పదిహేనేళ్ళు బతికాడు, పండక్కీ పబ్బానికీ వెళ్ళేవాడిని, అంబలి గిన్నె మీద చెంచాతో తట్టేవాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. గడి ఎందుకో తెలిసిన రోజున చెప్పమన్నాడు కదా. చెప్తానని ఎదురుచూశాడో ఏమో. ఇప్పుడు అత్తా మావయ్యా ఇద్దరూ పోయారు.

వారం రోజులు ఆ క్లబ్బు కుర్రాళ్ళని తిట్టుకుందామని ప్రయత్నించాను. తిట్టడానికి సరుకు తక్కువేం లేదు. టంకం పెట్టడం రాదు, మోర్స్ రాదు, పక్కగదిలో ఉన్నవాడితో రేడియోలో మాట్లాడతారు. కానీ వాళ్ళ దగ్గర అరచేతిలో పట్టే ఒక మీటరుంది. తీగకి తగిలిస్తే యాంటెన్నా ఎక్కడ సరిపోతోందో ఫోనులో గీత గీసి చూపిస్తుంది. అదే గనక ఆ రోజు నా దగ్గరుంటే అని ఒక పూటంతా అనుకున్నాను. అదీ దొంగ సాకే. నా దగ్గర ఆ రోజు అంతకంటే మంచిదే ఉండింది, బొగ్గులు విసురుతూ నోటితో చెప్పింది. లోపలికి పొమ్మన్నాను.

ఆదివారం కిరణ్ ఒక్కడే వచ్చాడు. వాల్వుల సెట్టు బల్ల మీద పెట్టించాను. గోడ మీంచి ప్రశంసాపత్రం దింపి బోర్లా పెట్టాను. లాగ్‌పుస్తకం ఆ పుట దగ్గర తెరిచి, ప్రదర్శనలో దీన్ని ఇలాగే తెరిచి ఉంచాలని చెప్పాను. అతను వంగి చదివాడు. "సార్, ఈ చీ ఏంటి సార్? చీ సున్నా, చీ మూడు?"

"చీరలు" అన్నాను.

పగలబడి నవ్వాడు. "సూపర్ సార్, ప్రభుత్వ లాగ్‌బుక్కులో చీరల లెక్కా?" అన్నాడు. ఇరవైరెండేళ్ళప్పుడు నేనూ ఇలాగే నవ్వాను.

అతని నవ్వు ఆగేదాకా ఆగి కుర్చీ చూపించాను. అతను కూర్చున్నాక, అప్పలనాయుడి కుడి చెయ్యి నా వల్ల పోయిందని మొదలుపెట్టాను.